తొమ్మిదో రోజు దొరికిన గదులు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. పెళ్ళి కాకముందు మిరప కోతలకి తెల్లారకుండానే వల్లకాటి పక్క దారిన నడిచి పోయేదాన్ని. ఒకసారి తోటి ఆడవాళ్ళంతా కొరివి దయ్యమని కేకలు పెట్టి పరుగెత్తితే, నేను మాత్రం దగ్గరికి పోయి చూశాను. గొర్రెల కాపరి ఒకడు చుట్ట వెలిగించుకుంటున్నాడు. అలాంటి దాన్ని నేను. కాబట్టి ఇది దయ్యం కథ అనుకుని వినకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు చదువు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది.

మాది నరసరావుపేట. మా ఇంటాయన యాత్రలకి మనుషుల్ని తీసుకెళ్ళేవాడు. ఆయన పేరు నేను పలకను, మా కాలపు వాళ్ళం పలకము. అమ్మాయికి తెలుసు, రాఘవులు అని రాస్తుంది.

ముందు మిరపకాయల కొట్లో గుమాస్తాగా ఉండేవాడు. ఊళ్ళో వాళ్ళు తిరుపతికో రామేశ్వరానికో పోవాలంటే టిక్కెట్లు తీసిపెట్టమని ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. అలా అలా అదే పనైపోయింది. బోర్డు లేదు, ఆఫీసు లేదు. మా వసారాలో బల్ల, ఆయన, ఆయన మాట. అంతే.

ఆ పని ఆయన చేసినట్టు ఇంకొకరు చేయగా నేను చూడలేదు. మొగుడని చెప్పడం లేదు. ఎవరికి మోకాళ్ళ నొప్పులో, ఎవరు ఉల్లిపాయ తినరో, ఎవరి గురకకి పక్కవాళ్ళు నిద్రపోలేరో, అన్నీ ఆయన తలలో ఉండేవి. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి కింది గది. గురక మనిషికి చివరి గది. అందరి సంచులకీ ఒకటే ఎర్ర గుడ్డ పీలిక కట్టేవాడు. ఎంత జనంలో పడ్డా మన సంచి మనకి కనపడేది. ఏ ఊళ్ళో దిగినా బండి ముందే వచ్చి నిలబడి ఉండేది. "దిగినాక వెతుక్కునేది యాత్ర కాదే, వలస" అనేవాడు.

ఎనభైల్లో ఒక ఏడు పత్తికి మంచి రేటు పలికింది. రైతుల చేతుల్లో డబ్బు ఆడింది. విమానం ఎక్కాలని సరదా పుట్టింది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి బస్సులో హరిద్వారం, మథుర, ఆగ్రా, మళ్ళీ విమానంలో వెనక్కి. అదీ యాత్ర. ఆయనకీ విమానం కొత్తే. అందుకని ముందుగా ఒక్కడే హైదరాబాదు పోయి బేగంపేట విమానాశ్రయం ముందు ఒక పూటంతా నిలబడి వచ్చాడు. జనం ఏ గేటులోంచి బయటికి వస్తున్నారు, బండి ఎక్కడ ఆపనిస్తున్నారు, నీడ ఎక్కడుంది అని చూసుకుని వచ్చాడు. పోయే ముందు రాత్రి ఉండటానికి నాంపల్లిలో ఎప్పుడూ దిగే లాడ్జీలో గదులు చెప్పి వచ్చాడు. అడ్వాన్సులు తీసుకున్నాడు, టిక్కెట్లు తెప్పించాడు.

దసరా వెళ్ళిన తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

అస్థికలు అమరావతి దగ్గర కృష్ణలో కలిపాం. గంగలో వేయడానికని ఒక పిడికెడు నేను చిన్న ముంతలో దాచాను. మాకు కొడుకులు లేరు. ఒక్క కూతురు, శావల్యాపురంలో ఇచ్చాం.

కర్మలు అయిన మర్నాడు సీతారావమ్మ వదిన వచ్చింది. వదిన అని పిలుపే గానీ చుట్టరికం లేదు. మా వీధి చివర పెద్ద ఇల్లు వాళ్ళది. నోరు కత్తి. వాళ్ళాయన ఆంజనేయులు అన్నయ్య మిలటరీలో చేసి వచ్చిన మనిషి, హిందీ వచ్చు.

"ఏందే వెంకాయమ్మా, యాత్ర సంగతి ఏం చేస్తావ్? మీ ఆయన మాట ఇచ్చాడు, పోయాడు. మేమెవర్ని అడగాలి?" అంది.

"మాట ఇచ్చింది మా ఇంట్లోనే గదా వదినా. నేను తీసుకెళ్తా" అన్నాను.

అలా ఎందుకన్నానో నాకే తెలియదు. పెళ్ళయినాక ఊళ్ళో మూడు రోడ్ల సెంటర్ దాటి ఒక్కదాన్నే పోయి ఎరగను. పైగా మొగుడు పోయిన ఆడది ఏడాది తిరక్కుండా గడప దాటకూడదంటారు. శుభమా అని యాత్రకి పోతూ ముందు నన్ను పెట్టుకోవడమేమిటని కొందరు గొణిగారు. "ఆ మొహం చూసి విమానం లేస్తదా" అని ఒకామె నా వెనకాలే అంది. నేను విన్నాను. ఒక్కటే అనుకున్నాను. ఈ యాత్ర చెడితే చెడేది నా పేరు కాదు, నాకు పేరెక్కడిది? ఆయన ఇన్నేళ్ళు కూడబెట్టింది ఆ మాట ఒక్కటే. అది పోకూడదు.

మాఘమాసంలో బయలుదేరాం. మస్తాన్ మ్యాటడోర్ వ్యానులో అందర్నీ ఎక్కించాను. మస్తాన్ మా ఊళ్ళోనే షెడ్డు నడిపే మెకానిక్కు, బండి అతనిదే, తోలేదీ అతనే. మా ఆయన యాత్రలకి ఎప్పుడూ అతనే. సంచులకి ఎర్ర పీలికలు నేనే కట్టాను. హైదరాబాదు లాడ్జీలో ఒక రాత్రి పడుకున్నాం. ఆ రోజు బల్ల దగ్గర ఎవరో కొత్త గుమాస్తా ఉన్నాడు. గదులు ఇస్తూనే, "తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇటు రాకండమ్మా, పెళ్ళివాళ్ళు లాడ్జీ మొత్తం తీసుకున్నారు" అని చెప్పాడు. మాకు అవసరం కూడా లేదు. దిగిన రోజే నేరుగా ఇంటికి పోయేట్టు మా ఆయన లెక్క వేసి పెట్టాడు. ఆయన పోయిన సంగతి నేను ఆ గుమాస్తాతో అనలేదు. లాడ్జీ బల్ల దగ్గర చెప్పుకునే మాటా అది?

విమానం ఎక్కాను. ముంత ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఆ గేటు ముందు పూటంతా నిలబడిన మనిషి లోపల కాలు పెట్టకుండానే పోయాడు. కిటికీ వైపు కొంచెం జరిపి పట్టుకున్నాను ముంతని. హరిద్వారంలో చల్లటి నీళ్ళలో దిగి నా చేతులతోనే వదిలాను.

మథుర, ఆగ్రా అన్నీ సవ్యంగా జరిగాయి. ఆయన చెప్పి ఉంచిన చోటల్లా బస్సు వచ్చి నిలబడింది, భోజనం వేళకి అందింది. చివరి రోజు ఢిల్లీలో విమానానికి పోతే మంచు. పక్కన మనిషి కనపడనంత మంచు. కూర్చుని కూర్చుని, చివరికి ఈ రోజు పోదు, రేపు రమ్మన్నారు. ఆంజనేయులు అన్నయ్య హిందీలో గట్టిగానే అడిగాడు. మంచుకి హిందీ వస్తేనా. దిగిన సత్రానికే తిరిగొచ్చాం.

నా గుండె అప్పుడు జారింది. ఎందుకో చెబుతాను. మా వైపు ఇంట్లోంచి బయలుదేరిన తర్వాత తొమ్మిదో రోజున తిరిగి గడప తొక్కకూడదు. నవమి అంటాం. ఎనిమిదో రోజు రావచ్చు, పదో రోజు రావచ్చు, తొమ్మిది మాత్రం పనికిరాదు. మా ఆయన ఎనిమిదో రోజుకి ఇంటికి చేరేట్టు చూశాడు. మంచు వల్ల అది తొమ్మిది అయి కూర్చుంది.

సత్రంలో సీతారావమ్మ వదిన చేతివేళ్ళ మీద లెక్కపెట్టి లేచి నిలబడింది.

"ఒరేయ్ అయ్యా, రేపు నవమి! నేను ఇంట్లోకి రాను. కోడలు నెలలు నిండి ఉంది. చచ్చినా రాను" అంది.

"విమానంలో వచ్చేదానికి నవమి ఏందే" అన్నాడు అన్నయ్య.

"విమానం గడప ముందు దించుతదా? కాలు పెట్టేది నేనే గదా!"

అందరూ నవ్వారు. నవ్వి, అందరూ ఆమె వైపే అయ్యారు. ఎవరి ఇంట్లో వాళ్ళకి ఏదో ఒక భయం ఉంటుంది. అంటే హైదరాబాదులో ఒక రాత్రి ఆగాలి. ఇరవై మందికి పైగా మనుషులం. మాఘమాసం, ఊరంతా పెళ్ళిళ్ళు. గదులు ఎక్కడ? "మీ ఆయనుంటే ఇట్టా అయ్యేదా" అంది వదిన నా మొహం మీదే. కోపంతో అన్నా, అబద్ధమేం కాదు. నేనూ అదే అనుకుంటున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నానికి బేగంపేటలో దిగాం. ఎండకి కొంగు నుదుటి దాకా లాక్కుని బయటికి వచ్చాను. మస్తాన్ గేటు పక్కనే ఉన్నాడు, మా ఆయన చూసుకొచ్చిన నీడలో. నిన్న వచ్చి, విమానం లేదని తెలిసి, పాతబస్తీలో తన మేనమామ ఇంట్లో పడుకుని మళ్ళీ వచ్చాడు.

"గదులు కావాలి మస్తానూ, ఈ రాత్రికి" అన్నాను.

"గదులా? లగ్గాల్లో గదులు ఎవురిస్తారక్కా? పొద్దుపోయేసరికి పేట చేరుస్తా, పద."

"నవమి."

అతనికి ఆ లెక్కలు తెలియవు. అయినా నా మొహం చూసి ఇంకేం అడగలేదు. రెండు లాడ్జీల ముందు ఆపాడు. లోపలికి పోకుండానే చెయ్యి ఊపారు, లేవని. మూడో చోట ఒక గది ఉందన్నారు. ఇరవై మంది ఒక గదిలోనా? వ్యానులో పిల్లీ ఎలుకా లాగా ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు. అప్పుడు నేనే అన్నాను, మన పాత లాడ్జీకే పోనీయమని. పెళ్ళివాళ్ళున్నారని తెలుసు. కనీసం వరండాలో చాపలు పరుచుకోనిస్తారేమో అని.

వ్యాను ఆగింది. నేనొక్కదాన్నే మెట్లెక్కాను. ఏ మాటతో అడగాలా అని నోట్లో నోట్లో కూడబలుక్కుంటున్నాను.

బల్ల వెనక ఈసారి పాత మేనేజరు ఉన్నాడు. పేరు యాదగిరి, తెలంగాణ మనిషి. మా ఆయన నోట ఆ పేరు చాలాసార్లు విన్నాను గానీ మనిషిని చూడటం అదే మొదలు. అతను నన్నూ, వెనక వ్యానులోంచి దిగుతున్న ఎర్ర పీలికల సంచుల్నీ చూసి లేచి నిలబడ్డాడు.

"నరసరావుపేటోళ్ళే గదా? రాండమ్మా, రాండి. మీ కోసమే చూస్తున్న. అందరికీ గదులు కడిగిపిచ్చి పెట్టిన."

నాకు అర్థం కాలేదు. "పెళ్ళివాళ్ళు?" అన్నాను.

"పొద్దుగాలనే పోయిండ్రు. ఇయ్యాల రాత్రి గూడ ఉంటమని చెప్పినోళ్ళే, మరి ఏమైందో లగ్గం కాంగనే పోయిండ్రు. మీ సారు చెప్పినట్టే అయింది."

"ఏ సారు?"

"గదేందమ్మా! రాఘవులు సారు. మొన్న మాపటికి వచ్చిండు గదా. నా మనుషులు ఎల్లుండి దిగుతరు, ఒక రాత్రి ఉంటరు, గదులు ఉంచుమన్నడు. పెండ్లోళ్ళున్నరు సారూ అన్న. పోతరు లే యాదగిరీ, నువ్వు వేరేటోళ్ళకి ఇయ్యకు అన్నడు. సారు మాట నేనెప్పుడన్న కాదన్ననా? కింద రెండు గదులు మోకాళ్ళ నొప్పులోళ్ళకి. గా మూల గది గురక పెట్టే పెద్దాయనకి."

నేను బల్ల పట్టుకున్నాను. అతను తన ధోరణిలో తాళాలు తీస్తూనే ఉన్నాడు.

"మీరు సారు ఇంటామె గదా? మీకు పంకా కింద పండుకుంటే చెవి పోటంట. మంచం గోడకి జరిపిచ్చిన, సారు చెప్పిండు. చాయ్ పోసిన ఆయనకి. ఎప్పటి లెక్కనే సగం తాగి సగం ఇడిచిపెట్టిండు. ఏమన్న అంటే నవ్వుతడు."

ఆ మాట వినేసరికి నా కొంగు తల మీంచి జారిపోయింది. యాదగిరి నా నుదురు చూశాడు. బొట్టు లేదు. మెడ చూశాడు. అతని చేతిలో తాళాల చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పుడమ్మా?" అన్నాడు.

"దసరా ఎల్లినాక" అన్నాను.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత, "మరి నేను చాయ్ ఎవరికి పోసిన?" అన్నాడు. నన్ను కాదు, తనని తాను అడుక్కున్నాడు.

ఇంతలో సీతారావమ్మ వదిన మెట్లెక్కి వచ్చింది. "ఏమైందే, లేవన్నాడా?" అంది. ఉన్నాయని చెప్పి తాళం చేతిలో పెట్టాను. ఆ రోజు ఇంకేం చెప్పలేదు. అందరూ వేడి నీళ్ళు పోసుకుని, తిని, ఎవరి గదిలో వాళ్ళు హాయిగా పడుకున్నారు. నా గదిలో మంచం నిజంగానే గోడకి ఆనించి ఉంది. మిగతా గదుల్లో ఫ్యాను కిందే ఉన్నాయి. నేనే తిరిగి చూశాను.

పదో రోజు పొద్దుగూకే ముందు నరసరావుపేట చేరాం. ఎవరి గడప వాళ్ళు మంచిగా తొక్కారు. వదిన కోడలు ఆ వారంలోనే చక్కటి పిల్లని కన్నది.

తర్వాత నేను ఊరుకోలేదు. ఒక్కొక్కర్నీ అడిగాను. ఆంజనేయులు అన్నయ్య లాడ్జీకి ఫోను చేశాడేమో అనుకున్నాను. నంబరే తెలియదన్నాడు. చేసినా ఏమని చేస్తాడు? యాదగిరి చెప్పిన ఆ సాయంత్రానికి మేమింకా ఆగ్రా నుంచి ఢిల్లీ దారిలో ఉన్నాం. మంచు పడుతుందనీ, విమానం ఆగుతుందనీ, తొమ్మిదో రోజు వస్తుందనీ మాకే తెలియదు. మస్తాన్ చెప్పాడేమో అనుకున్నాను. ఆ సాయంత్రం మస్తాన్ నరసరావుపేటలో లారీ కింద పడుకుని గేరుబాక్సు దించుతున్నాడు. షెడ్డు చుట్టుపక్కల అందరూ చూశారు. పైగా నా చెవి పోటు సంగతి అతనికేం తెలుసు? అది ఇంట్లో మాట. నా కూతురికి కూడా తెలియదు.

ఎవరన్నా మా ఆయన పోలికల మనిషి వచ్చాడేమో అని కూడా ఆలోచించాను. పోలిక రావచ్చు. చెవి పోటు కూడా పోలికతో వస్తుందా?

యాదగిరి తాగుబోతు కాడు. నన్ను మోసం చేసి అతనికి వచ్చేదేమీ లేదు. తర్వాత ఏళ్ళల్లో ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, తడి కాళ్ళు. కాళ్ళు ఎందుకు తడిగా ఉన్నాయో అప్పుడు అడగలేదట. ఆ వారం హైదరాబాదులో చినుకు పడలేదు.

ఈ సంగతి ఊళ్ళో తెలిసినాక కొందరు శాంతి చేయించమన్నారు. మనిషి ఇంకా తిరుగుతున్నాడు, మంచిది కాదన్నారు. నాకు భయం వేయలేదు. చెప్పకూడదు గానీ గర్వం వేసింది. చచ్చిన వాడి మాటకి కూడా గదులు ఉంచారంటే, బతికి ఉండగా ఆయన ఆ మాటని ఎంత జాగ్రత్తగా ఖర్చుపెట్టాడో చూడండి. కోట్లున్నవాళ్ళకి కూడా ఆ మాఘమాసంలో నాంపల్లిలో గది దొరకలేదు.

మళ్ళీ ఏడు సీతారావమ్మ వదినే వచ్చి మా వసారాలో బల్ల మీద కూర్చుంది.

"ఏమే, ఈసారి కాశీ పోదాం. మీ ఆయన్ని అడిగి గదులు చెప్పించు" అంది.

ఎగతాళి అనుకుని తలెత్తి చూశాను. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. అప్పటి నుంచి మోకాళ్ళు ఒప్పినన్నాళ్ళూ నేను మనుషుల్ని తీసుకెళ్ళాను. ఎర్ర పీలికలు కట్టాను. దిగే చోటికి బండి ముందే రప్పించాను. ప్రతి యాత్రకీ ఒక రాత్రి ఎక్కువ చెప్పి ఉంచాను. ఊళ్ళో మాత్రం చివరిదాకా రాఘవులు గారి యాత్ర అనే అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అలాంటిదేమీ జరగలేదు. నా అంతట నేను చేసుకోగలిగాను కాబట్టి అవసరం పడలేదేమో. తెలియదు. ఆ సాయంత్రం ఆ బల్ల దగ్గరికి వచ్చిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యాలు లేవనే అంటాను.

ఒక్కటి మిగిలిపోయింది. ఇంట్లో ఆయన ఎప్పుడూ సగం గ్లాసు టీ తాగి, మిగతా సగం నా వైపు జరిపేవాడు. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. నాకని విడిగా టీ పెట్టుకుని ఎరగను. ఆ రోజు లాడ్జీలో అందరూ గదుల్లోకి పోయినాక నేను మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి, ఆయన వదిలేసిన గ్లాసు ఏదని యాదగిరిని అడిగాను.

"అప్పుడే కడిగేసిండ్రమ్మా" అన్నాడు.

ఉంటే తాగేదాన్ని. రెండు రోజుల నాటి టీ అయినా సరే.